మాట్లాడితే ఊరుకోను

చేరిన మొదటి రోజే డాక్టరమ్మ ఊరంతా వినేలా ఒక మనిషిని తిట్టింది. కావాలని తిట్టలేదు పాపం. వాకీటాకీ బటన్ మీంచి వేలు తీయడం మరిచిపోయింది, అంతే.

వరదల్లో ఇళ్ళు పోయినవాళ్ళకి నీళ్ళూ తిండీ గుడారాలూ అందించే ఒక అంతర్జాతీయ సంస్థ, తెలుగు మాటే వినపడని ఆ పరాయి దేశపు ఊళ్ళో పనిచేస్తోంది. దేశదేశాల నుంచి వచ్చిన ఇంజనీర్లు, గోడౌన్ మేనేజర్లు, డ్రైవర్లు అందులో ఉన్నారు. లోకాన్ని చూసుకునే ఈ మనుషుల్ని చూసుకోవడానికి ఆఫీసు వెనక రెండు గదుల క్లినిక్ ఉంది. దానికి కొత్తగా వచ్చిన డాక్టరు ఆమె. అక్కడ ఎవరి పేరుతోనూ పని లేదు. రేడియోలో ప్రతి మనిషికీ ఒక పిలుపు ఉంటుంది. ఈమె పిలుపు 'క్లినిక్ వన్'. సాయంత్రం కాగానే రేడియో రూమ్ నుంచి 'బేస్' అనే మనిషి వరసగా అందరినీ పిలుస్తాడు. పలికితే క్షేమంగా ఉన్నట్టు. పలక్కపోతే వెతకడానికి బండి బయల్దేరుతుంది.

ఈ సంగతి ఆమెకి పొద్దున్నే చెప్పారు. సాయంత్రానికి బుర్రలోంచి ఎగిరిపోయింది. ఎందుకంటే ఎదురుగా నీళ్ళ ఇంజనీరు కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతున్నాడు. ఊరందరికీ శుభ్రమైన నీళ్ళిచ్చే పెద్దమనిషి, తను మాత్రం ఎక్కడ పడితే అక్కడ తాగేశాడు.

"క్లినిక్ వన్, క్లినిక్ వన్, దిస్ ఈజ్ బేస్."

ఆమె సెలైన్ సూది గుచ్చుతోంది. పలకలేదు. మళ్ళీ పిలిచాడు. మూడోసారి పిలిచేసరికి ఒంటికాలి మీద లేచి రేడియో అందుకుంది.

"క్లినిక్ వన్! ఐ యామ్ హియర్!" అని, అదే ఊపులో తనలో తను తెలుగులోకి దిగిపోయింది. "పనీపాటా లేదు ఈ మనిషికి! ఇక్కడ నేను ఊపిరాడక చస్తుంటే, ఫ్యాన్ కింద కూర్చుని ఒకటే గోల. ఆ గొంతొకటి, లౌడ్‌స్పీకర్ మింగినట్టు!"

అప్పుడు తీసింది వేలు.

తర్వాత ఆ గొంతే తాపీగా వచ్చింది, అచ్చ తెలుగులో.

"క్లినిక్ వన్, ఇకనుంచి బటన్ వదిలేశాక తిట్టండి. ఛానెల్లో ఉన్నవాళ్ళంతా విన్నారు. కంగారు పడకండి, అర్థమైంది నాకొక్కడికే. బేస్ ఔట్."

పక్కనున్న, తెలుగు రాని నర్సక్క ఆమె మొహంలోకి చూసింది. "ఏమన్నాడు డాక్టర్? మొహం అలా ఎర్రబడిందేం?"

"ఎండకి."

"బయట వాన పడుతోందిగా!"

మర్నాటి నుంచి మొదటి పిలుపుకే పలకడం నేర్చుకుంది డాక్టరమ్మ.

రేడియోలో సొంత కబుర్లు చెప్పుకోకూడదు. అది రూలు. కానీ రోజుకి ఒకటో రెండో తెలుగు ముక్కలు దొర్లితే సెక్యూరిటీ ఆఫీసరు చూసీ చూడనట్టు ఊరుకునేవాడు.

"క్లినిక్ వన్, ఈరోజు ఏమేం వచ్చాయి?"

"మూడు కడుపులు, రెండు నడుములు, ఒక అబద్ధం."

"అబద్ధమా?"

"జ్వరం లేదన్నాడు. థర్మామీటర్ ఒప్పుకోలేదు."

ఆ క్లినిక్‌లో అబద్ధాలకి కొదవలేదు. డాక్టరు 'అన్‌ఫిట్' అని రాసిందంటే పని ఆగిపోతుంది. అందుకని గోడౌన్ మేనేజరు నడుం విరిగిపోతున్నా నిటారుగా నడిచొచ్చేవాడు. నెలల తరబడి నిద్రలేని గుడారాల బడి టీచరమ్మ 'బ్రహ్మాండంగా పడుకుంటున్నా' అనేది. వాళ్ళ మొండితనం చూస్తే ఆమెకి కోపమూ వచ్చేది, ముచ్చటా వేసేది. తను అంతకన్నా మొండిది కాబట్టి నెగ్గుకొస్తోంది.

అలా చూస్తుండగానే సాయంత్రాల మీద ఆమెకి ఇష్టం పుట్టింది. ఆఖరి పేషెంటు వెళ్ళగానే రేడియో దగ్గరికి జరిగి కూర్చునేది. ఆ గొంతు పిలిచే దాకా టీ కూడా తాగేది కాదు. మనిషిని ఇంకా చూడనేలేదు. చూడకుండానే ఆరడుగుల ఎత్తూ వెడల్పాటి భుజాలూ ఊహించేసుకుంది.

ఆ గొంతు ఒకరోజు బొంగురుపోయింది. జలుబనుకుంది. వారం గడిచినా తగ్గకపోగా మాట మధ్యలో తెగిపోవడం మొదలైంది.

"బేస్, రేపు క్లినిక్‌కి రండి."

"అలాగే."

రాలేదు.

"బేస్, వస్తానన్నారు."

"పనుంది. వేడినీళ్ళు తాగుతున్నా లెండి."

ఈ అబద్ధాల భాష ఆమెకి బాగా తెలుసు. మర్నాడు టార్చీ, గొంతు చూసే చిన్న అద్దం జేబులో వేసుకుని తనే రేడియో రూమ్‌కి వెళ్ళింది.

గోడ నిండా మ్యాపు. బల్ల నిండా గొంతు బిళ్ళల కాగితాలు. వాటి వెనక, ముక్కు మీదికి జారిన కళ్ళజోడుతో, ఆమె చెవి దాకా కూడా రాని ఒక మనిషి లేచి నిలబడ్డాడు. ఆరడుగులు ఎటు పోయాయో తెలియలేదు. నవ్వు మాత్రం గొంతుకి సరిగ్గా సరిపోయింది.

"మొత్తానికి కలిశాం. కూర్చోండి, టీ..."

"నోరు తెరవండి."

"ముందు పరిచయాలు..."

"తెరవండి!"

అద్దంలో కనిపించింది ఆమెకి నచ్చలేదు. తనే దగ్గరుండి పెద్దాసుపత్రిలో గొంతు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన సన్నటి కెమెరా దించి చూసి పెదవి విరిచాడు. అలుపు లేకుండా మాట్లాడి మాట్లాడి స్వరతంత్రి లోపల రక్తం చిమ్మిందట. రెండు వారాలు పూర్తి మౌనం. పాటించకపోతే అక్కడ మచ్చ కడుతుంది. కట్టిందంటే ఆ గొంతు ఇక రాదు.

తిరిగొచ్చే దారంతా డాక్టరమ్మ కిటికీలోంచి బయటికే చూసింది. ఇంతమందికి ఇన్ని రోగాల పేర్లు తొణక్కుండా చెప్పిన మనిషికి, ఆరోజు మొదటిసారి భయం వేసింది.

క్లినిక్‌కి రాగానే అతను మొదలుపెట్టాడు. "చూడండి, వానలు పెరిగాయి. బళ్ళన్నీ బయట ఉన్నాయి. డ్రైవర్లకి నా గొంతు వింటేనే..."

"మీరిప్పుడు మాట్లాడుతున్నారు."

అతను గొంతు తగ్గించి గుసగుసగా అందుకున్నాడు. "సరే, మెల్లగా..."

"గుసగుస అసలే వద్దు, గొంతుకి అది ఇంకా చేటు. ఈ రెండు వారాలూ మాట్లాడారంటే ఏ డ్రైవరూ ఇక మీ గొంతు వినడు." ఆమె కాగితం మీద 'రేడియో డ్యూటీకి అన్‌ఫిట్' అని రాసి సంతకం పెట్టింది. తింటున్న కంచం లాగేసుకున్నట్టు చూశాడతను. ఆ చూపు ఆమెకి గుచ్చుకుంది. అయినా కాగితం వెనక్కి తీసుకోలేదు.

మర్నాడు సాయంత్రం కుండపోత. రేడియో పలికింది.

"మొబైల్ సెవెన్... మొబైల్ సెవెన్... దిస్ ఈజ్ బేస్."

గరగరమంటున్న ఆ గొంతు ఎవరిదో చెప్పక్కర్లేదు. ఆమె గొడుగు మాటే మరిచిపోయి వానలోకి ఉరికింది.

రేడియో రూమ్‌లో అతని బదులు కూర్చోవలసిన గోడౌన్ గుమస్తా మూల నిలబడి గోళ్ళు కొరుక్కుంటున్నాడు. అతనేమో మైకు పట్టుకుని మళ్ళీ నోరు తెరిచాడు. ఆమె ఒక్క అంగలో వెళ్ళి మైకు లాక్కుంది.

"మాట్లాడితే ఊరుకోను!"

జుట్టులోంచి నీళ్ళు కారుతుంటే, కళ్ళు నిప్పులు కురిపిస్తుంటే, నిజంగానే ఊరుకునేలా లేదు. అతను మ్యాపు మీద వాగు దగ్గర వేలు పెట్టి చూపించాడు. నీళ్ళ ఇంజనీరు వెళ్ళిన బండి, మొబైల్ సెవెన్, అక్కడే ఎక్కడో ఉంది. పలకడం లేదు.

"నేను పిలుస్తాను. ఏం అనాలో చెప్పండి. చెప్పకండి, రాయండి!"

అతను బోర్డు మీద గబగబా రాశాడు. 'మెల్లగా పిలవండి. మన కంగారు వాళ్ళకి వినపడకూడదు.'

ఆమె ఊపిరి పీల్చుకుని పిలిచింది. జవాబు లేదు. మళ్ళీ పిలిచింది. గొంతు పెరుగుతుంటే అతను మణికట్టు పట్టుకుని ఆపాడు. ఇంకోసారి పిలిచింది. ఈసారి బరబరమంటూ ఒక గొంతు వచ్చింది. ఇంజన్‌లోకి నీళ్ళు పోయాయట, బండి ఆగిపోయిందట, మనుషులంతా గట్టు మీద క్షేమంగా ఉన్నారట.

లారీ పంపించాక ఆమె కుర్చీలో కూలబడింది. అతను ఏదో అనబోయి పెదవులు కదిపాడు. ఆమె వేలు చూపించింది. అతను నవ్వి నోరు మూసుకున్నాడు.

ఆరోజు వాడిన మాటలు ఎంత చేటు చేశాయో రెండు వారాలయ్యాక గానీ తెలియదు. ఇక ఒక్క మాట కూడా పోనివ్వకూడదని డాక్టరమ్మ గట్టిగా అనుకుంది. క్లినిక్ మూయగానే వచ్చి సాయంత్రం పిలుపులు తనే పిలిచేది. అతను పక్కన కూర్చుని చేతులతో, కనుబొమలతో పాఠం చెప్పేవాడు. తప్పు చేస్తే నుదురు కొట్టుకునేవాడు. బాగా చేస్తే బల్ల మీద దరువు వేసేవాడు. మాట లేకుండా ఒక మనిషి ఇంత అల్లరి చేయగలడని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

గొంతు పరీక్షకి ముందురోజు ఆదివారం. కిందటి ఆదివారం 'పనుంది' అని మెసేజీ పెట్టి అమ్మని తప్పించుకున్నాడు. అతని ఫోన్ మోగింది. తెర మీద 'అమ్మ' అని ఉంది. అతను బిక్కమొహం వేసి ఫోన్ ఆమె చేతిలో పెట్టి దణ్ణం పెట్టాడు. ఆమె స్పీకర్ నొక్కింది.

"నాన్నా, తిన్నావురా?"

"నమస్కారమండీ. ఆయన పక్కనే ఉన్నారు. నేను డాక్టర్ని."

"డాక్టరా! అయ్యయ్యో, వాడికేమైందమ్మా?"

"కంగారు పడకండి. గొంతు బాగోలేదు. మాట్లాడకూడదని నేనే చెప్పాను."

"ఎవరు, మావాడా? మాట్లాడకుండా ఉన్నాడా?" అవతల పెద్దావిడ నవ్వాపుకోలేకపోయింది. "పుట్టినప్పట్నుంచీ ఆ అద్భుతం చూడలేదు తల్లీ నేను! ఉండు, ఉండు. బటన్ నొక్కి తిట్టిన డాక్టరమ్మవి నువ్వేనా?"

"మీకెలా తెలుసండీ?"

అతను చటాలున లేచాడు. వద్దు వద్దని రెండు చేతులూ ఊపాడు. ఆ ఊపుడు వాళ్ళమ్మకి ఎలా కనపడుతుంది?

"ప్రతి ఆదివారం నీ పురాణమేగా! డాక్టరమ్మ ఇలా అంది, డాక్టరమ్మ అలా నవ్వింది. మరి ఆ పిల్లని అడగరా అంటే మాత్రం నీళ్ళు నములుతాడు. ఊళ్ళో కబుర్లన్నీ వీడికే కావాలి, అసలు మాట దగ్గర నోరు పెగలదు."

అతను ఫోన్ కోసం ఎగిరాడు. ఆమె చెయ్యి పైకెత్తింది. అందలేదు.

"ఏమనుకోకమ్మా, నాకు కడుపులో దాచుకోవడం చేతకాదు. వాడంటే ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పెయ్. ఎదురు వాదించడానికి వాడికి నోరు కూడా లేదు."

డాక్టరమ్మకి నవ్వొచ్చింది.

"ఆ మాట ముందు ఆయనకి చెప్పాలి కదండీ. తర్వాత మీకు ఫోన్ చేస్తాను."

"చెప్పు తల్లీ, చెప్పు. అడ్డు తగలకుండా వాడు వినేది మళ్ళీ ఎప్పుడో!"

ఆమె ఫోన్ పెట్టేసింది. అతను చెవుల దాకా ఎర్రబడి మ్యాపు వంక చూస్తున్నాడు.

"ఈ క్షణం నుంచి నేను మీ డాక్టర్ని కాను" అంది ఆమె.

అతని మొహం పాలిపోయింది.

"మీరు మళ్ళీ రేడియో ముందు కూర్చోవచ్చో లేదో నేను రాయను. రేపు గొంతు డాక్టరుగారే చూసి రాస్తారు. సొంతవాళ్ళకి నేను సర్టిఫికెట్ రాయకూడదు. అది మా రూలు."

అతను కాసేపు అర్థంకానట్టు చూశాడు. ఆ తర్వాత మెల్లగా కళ్ళజోడు సర్దుకున్నాడు.

"అవును. సొంతవాళ్ళనే అన్నాను."

అతను ఒక్క ఉదుటున ముందుకొచ్చి నోరు తెరిచాడు. ఆమె అరచేత్తో మూసేసింది. ఆ మాట వినాలని ఆమెకి ప్రాణం లాగేస్తోంది. అయినా చెయ్యి తీయలేదు.

"ఇప్పుడు చెప్తే ఒక్కసారే వింటాను. ఆగితే రోజూ వినొచ్చు. నాకు రోజూ కావాలి."

అతను ఆ చెయ్యి పట్టుకుని తలూపాడు. కళ్ళు చెమ్మగిల్లాయి. ఆ రోజంతా ఒక్క శబ్దం చేయలేదు.

మర్నాడు పెద్దాసుపత్రిలో గొంతు డాక్టరు కెమెరా దించి చాలాసేపు చూశాడు. డాక్టరమ్మ గోడకి ఆనుకుని నిలబడింది. తెర వంక చూసే ధైర్యం చాల్లేదు.

"మచ్చ కట్టలేదు. ఏదీ, ఒకసారి 'ఆ' అనండి."

"ఆ..."

సన్నగా మొదలై, కొంచెం వణికి, నిలబడింది. అదే గొంతు. ఆమె మొహం పక్కకి తిప్పుకుని పైట చెంగుతో కళ్ళు తుడుచుకుంది.

"కానీ జాగ్రత్త" అన్నాడాయన. "ఈ రోజుకి ఐదే నిమిషాలు. రేపటి నుంచి కొంచెం కొంచెంగా పెంచుదాం. రేడియో మాట వచ్చే నెల చూద్దాం."

వరండాలోకి రాగానే అతను ఆగాడు. ఇన్నాళ్ళ తర్వాత అతను అనబోయే మొదటి మాట.

"మీ నాన్నగారి నంబరు చెప్పండి."

"ఏంటీ?"

"నాకున్నది ఐదు నిమిషాలు. మీతో మాట్లాడ్డానికి ఎటూ చాలవు. ఆయన్ని అడగడానికి చాలు."

డాక్టరమ్మకి తనకన్నా మొండివాడు దొరికాడని అర్థమైంది. ఫోన్ తీసి తనే కలిపింది.

"నాన్నా, ఒకాయన మాట్లాడతారు. ఆయనకి టైం తక్కువ. మధ్యలో ప్రశ్నలు వేయకుండా వినండి."

"ఎవరమ్మా ఆయన? ఏం పని చేస్తాడు? నీకెలా తెలుసు?"

"అదిగో, అవే వద్దన్నాను." ఫోన్ అతనికిచ్చింది. అతను గొంతు సవరించుకోబోయాడు.

"సవరించకండి, అదీ మంచిది కాదు."

అతను సవరించకుండానే ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"నమస్కారం మావయ్యగారూ" అన్నాడు.

అవతల నాన్నకి ఇక అడగడానికి ఒక్క ప్రశ్న కూడా మిగల్లేదు.