కవరు వదిలి వెళ్ళిన దొంగ

"మేడమ్, నేను దొంగను కాదు." కుర్చీలో కూర్చోకముందే వెంకట్ అన్న మొదటి మాట అది.

సిడ్నీ హారిస్ పార్క్‌లో మిఠాయి దుకాణం మీదున్న ఆ ఆఫీసుకు భయపడుతూ వచ్చేవాళ్ళు కొత్త కాదు. చేయని తప్పుకు ఇలా సిగ్గుతో చితికిపోయి వచ్చేవాళ్ళే తక్కువ. ప్రైవేట్ డిటెక్టివ్ శ్యామసుందరి మంచినీళ్ళు ఇమ్మని అసిస్టెంట్ చైత్రకు సైగ చేసింది. ఇరవై రెండేళ్ళు ఇన్సూరెన్స్ మోసాలు పట్టుకున్న ఆవిడ ఎదుట అబద్ధమాడటం శుద్ధ దండగని చైత్ర నమ్మకం.

"ఎవరన్నారు దొంగవని?"

"మా ఓనర్, నాగభూషణం అంకుల్. క్వేకర్స్ హిల్‌ల వాళ్ళింటి వెనక చిన్నిల్లు, గ్రానీ ఫ్లాట్‌ల కిరాయికి ఉంటున్న. అంకుల్‌ది పాత ఇంగ్లీష్ బ్యాండు గ్రామఫోన్ రికార్డ్ ఒకటి పోయింది. నేనే తీసిన్నని తెలుగు అసోసియేషన్ వాట్సాప్ గ్రూప్‌ల పెట్టిండు. నాలుగు వందల మంది మేడమ్! రేపు మధ్యాహ్నం లోపల తెచ్చియ్యకుంటే పోలీస్ కంప్లైంట్ అట. ఇక్కడ పర్మనెంట్‌గ ఉండనీకి పెట్టిన నా పీఆర్ అప్లికేషన్ లాస్ట్ స్టేజ్‌ల ఉంది. ఇప్పుడు కేసు పడితే నా గతేంది?"

"దాన్ని చివరిసారి ఎప్పుడు చూశావు?"

"ఆదివారం. లైబ్రరీ ఎగ్జిబిషన్‌కు ఫోటోలు తియ్యమన్నడు. ప్లాస్టిక్ కవర్ మీద లైట్ మెరుస్తుంటే అంకులే బయటికి తీసి పట్టుకున్నడు. అయినంక ఆయనే షెల్ఫ్‌ల పెట్టిండు. సోమవారం వాళ్ళింట్ల సరస్వతీ పూజ. బుధవారం చూస్తే లేదు."

"ఇంట్లో ఇంకెవరున్నారు?"

"సీతారావమ్మ ఆంటీ ఒక్కతే. ఆంటీ మంచిది మేడమ్. అంకుల్ నన్ను దొంగ అన్నకాడి నుంచి రోజూ టిఫిన్ బాక్స్ తెచ్చి గుమ్మంల పెడుతది. మొహం మాత్రం చూడది."

శ్యామసుందరి కలం ఒక్క క్షణం ఆగింది. ఎందుకాగిందో చైత్రకు అర్థం కాలేదు.

క్వేకర్స్ హిల్ వెళ్ళే దారిలో చైత్ర ఆ బ్యాండు సంగతి ఫోనులో చదివింది. పేరు కోల్‌యార్డ్ ఫైవ్. ఉత్తర ఇంగ్లండులో బొగ్గు గనుల ఊరి కుర్రాళ్ళు అయిదుగురు, అమెరికా నల్లజాతి గాయకుల బ్లూస్ రికార్డులు విని విని, గిటార్లకు కరెంటు తగిలించి 1966లో మొదలుపెట్టారు. పదమూడేళ్ళు, తొమ్మిది ఆల్బములు. డ్రమ్మరు చచ్చిపోవడం, మిగిలినవాళ్ళు కొట్టుకుని విడిపోవడం, మామూలే. వాళ్ళకు పేరు తెచ్చిన పాట మాత్రం వాళ్ళది కాదు. ఎజ్రా మోస్ అనే మిసిసిపీ ముసలాయనది. రికార్డు అట్ట మీద తమ పేరు వేసుకున్నారు. ఆ తప్పు నలుగురిలో ఒప్పుకునేసరికి ఆయన పోయాడు. ఇప్పుడు ఆ బ్యాండు పేరెత్తితే పాటతో పాటు ఆ సిగ్గు కూడా వస్తుంది.

నాగభూషణం డెబ్బై ఆరేళ్ళ రిటైర్డ్ ఇంజినీరు. గొంతు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది.

"నేను డెబ్బై మూడులో వచ్చానమ్మా ఈ దేశానికి. మరుసటేడు సిడ్నీలో వాళ్ళ షో. అయ్యాక గిటారిస్టు రాయ్ పెండిల్ దగ్గరకెళ్ళి ఆటోగ్రాఫ్ అడిగా. ఆయనేం చేశాడో తెలుసా? అట్ట మీద అచ్చయిన తన పేరు కొట్టేసి, 'ఇది ఎజ్రా పాట, మేం తీసుకున్నాం, సిగ్గుగా ఉంది' అని ఇంకు పెన్నుతో రాశాడు. పైకి ఒప్పుకోడానికి పదిహేనేళ్ళ ముందు! అందుకే లైబ్రరీ వాళ్ళకది కావాలి."

షెల్ఫులో హార్మోనియం, భాగవతం, పిల్లలు చదివిన పాత పుస్తకాలు ఉన్నాయి. అన్నిటి మీదా గంధం, కుంకుమ బొట్లు తాజాగా ఉన్నాయి. పక్కన ఖాళీ ప్లాస్టిక్ కవరు. దాని మీద మాత్రం వెలిసిపోయిన కుంకుమ మరకలు వరసగా ఉన్నాయి.

"ఇదీ పూజలో పెడతారా?" శ్యామసుందరి అడిగింది.

"ముప్పై ఏళ్ళ నుంచీ! సంగీతం ఎవరిదైతే ఏంటి, సరస్వతే కదా."

కాఫీ తెచ్చిన సీతారావమ్మ వెళ్ళకుండా నిలబడింది. "ఏమ్మా, ఆ చేత్తో రాసింది లేకపోతే ఆ అట్టకింక విలువుండదా?"

"నీకెందుకే ఆ గోల?" అన్నాడు భర్త.

మర్నాడు శనివారం పదకొండింటికి అందరూ హాల్లో కూర్చున్నారు. గ్రూపు నడిపే అసోసియేషన్ సెక్రటరీ భానుప్రసాద్ కూడా వచ్చాడు. వెంకట్ తలుపు దగ్గరే నిలబడ్డాడు. కూర్చోమని ఎవరూ అనలేదు.

"టైమ్ వేస్ట్ మేడమ్," అన్నాడు భానుప్రసాద్. "ఈ ఇంటి తాళంచెవి ఇంకొకటి ఇతని దగ్గరుంది, రికార్డ్ లేదు. ఇంకేం కావాలి?"

"అమ్ముకోడానికి తీసినవాడు, అట్ట నలగకుండా కాపాడే కవరు వదిలి వెళ్ళడు," అంది శ్యామసుందరి. "దాన్ని చూశారా? అన్నీ పాత బొట్లే. ఈ ఏటి బొట్టు అన్నిటి మీదా ఉంది, కవరు మీద లేదు. మరి ఎక్కడ పడింది?"

శ్యామసుందరి ఆ ఖాళీ కవరు తీసి అందరికీ కనిపించేలా బల్ల మీద పెట్టింది.

"ఆదివారం ఫోటో కోసం కవరు తీసింది నాగభూషణం గారు. అట్టను ఉత్తదిగానే షెల్ఫులో పెట్టిందీ ఆయనే. సోమవారం తడి గంధం సరిగ్గా ఆ రాత మీద పడింది. అందరం దొంగతనం గురించి మాట్లాడుతుంటే, రాత గురించి అడిగింది ఒక్కరే. ఈ అబ్బాయికి దొంగన్న పేరు పడ్డ రోజు నుంచి టిఫిన్ తెచ్చి పెడుతున్నదీ ఒక్కరే. వెంకట్ తీయలేదని ఆవిడ అనుకోవడం కాదు, ఆవిడకు తెలుసు."

సీతారావమ్మ లోపలికెళ్ళి, పట్టుచీరల మధ్య నుంచి అట్ట తెచ్చి బల్ల మీద పెట్టింది. రాత ఉన్న చోట నీలిమరక.

"కళ్ళజోడు పెట్టుకోలేదండీ. ఎప్పట్లాగే కవరుందనుకున్నా. గంధం తుడుద్దామని తడిగుడ్డ పెడితే ఇంకు అంతా చెదిరి వచ్చేసింది. మీరేమంటారోనని దాచా. ఈ పిల్లాణ్ణి అన్నప్పుడైనా నోరు తెరవాల్సింది. తెరవలేకపోయా. రోజూ అన్నం వండి పెట్టా గానీ, ఒక్క నిజం చెప్పలేకపోయా." ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నాగభూషణం భార్యను చూడలేదు, అట్టనూ చూడలేదు. భార్య భయపడింది తన నోటికేనని ఆయనకు బాగా తెలుసు. సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి.

"సరే, చిన్న మిసండర్‌స్టాండింగ్ అని గ్రూప్‌లో పెట్టేస్తా," భానుప్రసాద్ ఫోను తీశాడు.

"నువ్వాగు," అన్నాడు నాగభూషణం. తనే టైపు చేశాడు. వెంకట్ ఏమీ తీయలేదని, నింద వేసింది తానని, తన పేరుతో సహా. తర్వాత లేచి వెంకట్ దగ్గరకు వెళ్ళాడు. "నన్ను క్షమించు బాబూ."

వెంకట్ జేబులోంచి ఫోను తీశాడు. "నాకు కాదంకుల్. మీ మెసేజ్ ఎవరో కరీంనగర్‌ల మా అమ్మకు పంపిండ్రు. మూడు దినాల నుంచి ఆమె గడప దాటుతలేదు. అక్కడ తెల్లారుతున్నది, ఇప్పుడు లేచే ఉంటది. మీరే చెప్పుండ్రి."

స్పీకరు పెట్టి ఫోను ఆయన చేతికిచ్చాడు. రెండు రింగులకే ఎత్తారు.

"బిడ్డా, ఏమన్న తేలిందా?"

"అమ్మా, నేను వెంకట్ వాళ్ళ ఓనర్ని. నాగభూషణాన్ని. మీ అబ్బాయి ఏ తప్పూ చేయలేదమ్మా."



"నా కొడుకును దొంగ అని రాసింది మీరేనా సారూ?"

హాల్లో అందరూ ఆయన్నే చూస్తున్నారు.

"నేనేనమ్మా," అన్నాడు నాగభూషణం.