సన్న తీగల సవ్వడి

గిటార్ కీచుమని అరిచింది! ఒక్కసారి కాదు, కీర్తన పొడుగునా! ఉప్పలగుప్తం ప్రార్థన మందిరంలో ఆడవాళ్ళ చాపల మీద కూర్చున్న కృపావతి గుండె జారిపోయింది. ముందు కూర్చున్న పిల్లలు చెవులు మూసుకున్నారు, ఎవరి ఒళ్ళోనో పసిబిడ్డ ఉలిక్కిపడి ఏడుపు లంకించుకుంది... కానీ ఆమె భర్త జాన్ మాస్టారు మాత్రం కళ్ళు మూసుకుని, ముఖమంతా వెలుగుతో, ఆ కొత్త గిటార్ వాయిస్తూ పాడుతూనే ఉన్నారు! ఆరాధన అయ్యాక జనం ఆయన చుట్టూ చేరారు. "ఎంత బాగుందండీ మాస్టారూ!" అన్నారొకరు. "ఆయ్! మందిరం దద్దరిల్లిపోయిందండి బాబూ!" అన్నారు సంఘపెద్ద అబ్బులుగారు. మర్యాదలో మన కోనసీమ వాళ్ళని మించినవాళ్ళు ఎక్కడైనా ఉన్నారా! కొంప మునుగుతున్నా ఎదుటివాళ్ళ మనసు నొప్పించరు. ఇంటికొచ్చి కృపావతి వంటింట్లో కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

పాత గిటార్ మెడ విరిగిపోవడంతో, అమలాపురంలో వాద్యాలమ్మే గోపీకృష్ణ తమకు అందుబాటు ధరలో చూపించిన గిటార్ అది. లోపలే మైకు, పక్కన శబ్దం సవరించుకునే నాబ్‌లు. వైరు గుచ్చి స్పీకర్ బాక్సుకి కలిపితే చాలు. "ఒక ఆదివారం మందిరంలో వాయించి చూడండి మాస్టారూ, నచ్చితేనే ఉంచుకోండి" అని ఇచ్చి పంపాడు. వచ్చే ఆదివారమే మందిర వార్షికోత్సవం. చుట్టుపక్కల ఊళ్ళ సంఘాలన్నీ వస్తాయి. పందిట్లో అందరి ముందూ ఇలాగే జరిగి, పరాయి ఊరివాళ్ళు నవ్వితే ఆయన తట్టుకోగలరా?

లోపం ఎక్కడుందో కృపావతికి తెలుసు. ఆయనకి చెవి తగ్గుతోంది. ఆ మాట పైకి అన్నది కూతురు లిడియా ఒక్కతే. మూడేళ్ళ కిందట, మందిరంలో అందరూ వింటుండగా, "శ్రుతి తప్పుతున్నారు నాన్నగారూ... ఒకసారి చెవి చూపించుకుందామండి" అంది. "సంఘం ముందు నా పరువు తీస్తావా! ఇక నా పక్కన నిలబడి పాడకు!" అన్నారాయన. పౌరుషంలో ఆ పిల్ల తండ్రికి తగ్గ కూతురే! అమలాపురంలో ఒక బళ్ళో సంగీతం టీచరుగా చేరి, అక్కడే గది తీసుకుని ఉండిపోయింది. ఒకప్పుడు ఆయన వాయిస్తూ పాడుతుంటే కూతురు గొంతు కలిపేది... ఆ రెండు గొంతులూ మళ్ళీ కలిసి వినాలని ఆ తల్లి ప్రాణం ఎంత కొట్టుకుపోయిందో! బియ్యం ఏరుతున్నా, కొబ్బరి కోరుతున్నా అదే ధ్యాస.

ఆ సాయంత్రం కూతురికి ఫోన్ చేసింది.

"కొత్త గిటార్ కీచుమంటోందమ్మా. నువ్వొచ్చి ఒకసారి చూడవా తల్లీ?"

"నాన్నగారు రమ్మన్నారా అమ్మా?"

"ఆయన అనరమ్మా... నేనంటున్నాను! మీ ఇద్దరి పట్టుదలకీ నాకెందుకే ఈ శిక్ష?"

"రేపు షాపుకి తీసుకురామ్మా. నేను వస్తాను" అంది లిడియా.

ఉంచుకునే ముందు షాపులో ఒకసారి చూపిద్దామని బతిమాలి, మర్నాడు కృపావతి భర్తని ఆటో ఎక్కించింది. షాపులో కూతుర్ని చూడగానే మాస్టారు ముఖం తిప్పుకున్నారు. లిడియా గిటార్ అందుకుంది. ముందు వైరు లేకుండా వాయించింది. ఒక కన్ను మూసి మెడ వంపు చూసింది.

"కట్టె మంచిది. తీగలు వేళ్ళని కొయ్యట్లేదు. ఈ ధరకి ఇంతకన్నా ఏం కావాలి?" అని వైరు గుచ్చింది.

కీచుమంది! గోపీకృష్ణ అదిరిపడ్డాడు.

లిడియా పక్కనున్న నాబ్‌లలో సన్న స్వరాలు పెంచేదాన్ని చూసింది. "ఈ ట్రెబుల్ చివరిదాకా ఎవరు తిప్పేరు?"

"నేనే తిప్పేను!" అన్నారు మాస్టారు విసురుగా. "లేకపోతే వినపడదు కదా!"

"ఆయ్... కొన్ని బాక్సులు అంతేనండి..." అని గోపీకృష్ణ ఏదో సర్దబోయి ఊరుకున్నాడు. లిడియా నాబ్ మధ్యకి తిప్పింది. గిటార్‌కి ఎదురుగా ఉన్న బాక్సుని పక్కకి జరిపింది. మళ్ళీ మొదలుపెట్టింది. ఎంత కమ్మగా మోగిందో!

"ఆపేశావేం? వాయించు!" అన్నారు మాస్టారు.

ఆమె వేళ్ళు తీగల మీద ఆడుతూనే ఉన్నాయి.

"వాయిస్తున్నాను నాన్నగారూ... సన్న తీగల మీద" అంది లిడియా. ఆమె కళ్ళ నిండా నీళ్ళు.

ఆయన ఆ వేళ్ళని చూశారు. భార్య వైపు తిరిగారు. "నిన్న మందిరంలో కూడా...?"

"కీచుమందండి."

"అందరూ బాగుందన్నారే! నువ్వూ అన్నావే కృపా!"

"అన్నానండి! పాడుతున్నప్పుడు మీ మొహంలో ఆ సంతోషం చూసి... నిజం చెప్పడానికి నాకు నోరు రాలేదండి!"

మాస్టారు స్టూలు మీద కూలబడ్డారు. "నిజం చెప్పిన ఒక్కదాన్నీ ఇంట్లోంచి పంపేశానన్నమాట!" అంటూ కూతురి తల దగ్గరికి తీసుకున్నారు. లిడియా చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది.

"డాక్టరు దగ్గరికి వెళ్దాం నాన్నా... మళ్ళీ మీరే పాడాలి!"

"వెళ్దాంలే. ఈ పండక్కి మాత్రం నువ్వే వాయించు, నువ్వే పాడు. శ్రుతి వినపడకుండా నేను పాడితే, దేవుడు కూడా మర్యాదకే బాగుందంటాడు!" అని నవ్వబోయారు. నవ్వు రాలేదు... "గోపీకృష్ణా, ఈ గిటార్ ఉంచుకుంటున్నామయ్యా" అన్నారు.

వార్షికోత్సవం రోజు పందిరి కిటకిటలాడింది. లిడియా వేదిక మీద గిటార్ పట్టుకుని ఒంటరిగా నిలబడింది. ఆ రెండు గొంతులూ ఇక కలవవేమోనని కృపావతికి దుఃఖం పొంగుకొచ్చింది. అంతలో పక్కన ఎవరో కూర్చున్నారు. జాన్ మాస్టారు! మగవాళ్ళ వైపు వదిలి, ఆడవాళ్ళ చాపల మీదకి వచ్చేశారు! అబ్బులుగారు వింతగా చూస్తున్నా పట్టించుకోలేదు. పాట మొదలైంది. ఆయన వేదిక వైపు చూడటం లేదు, భార్య ముఖంలోకే చూస్తున్నారు.

"ఎలా వాయిస్తోందే?" అనడిగారు పాట సగం దాటాక, మెల్లగా.

చాలా బాగుందనే మాట అలవాటుగా కృపావతి నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"రెండో చరణంలో ఒక్కచోట తడబడిందండి" అంది కన్నీళ్ళతో.

ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నారు.

"ఆయ్... ఇంకా చెప్పు" అన్నారు.