కిటికీలో గ్లాసు

తెల్లారి ఏడింటికి దశరథ్ చాయ్ గ్లాసు కిటికీలో పెట్టి నాలుగడుగులు వెనక్కి జరిగాడు. గదిలోంచి అతని భార్య గ్లోరీ చెయ్యి చాపి అందుకుంది. తాగి, తానే కడిగి, మళ్లీ కిటికీలో బోర్లించింది.

ఆమెకు గొంతులోని థైరాయిడ్ గ్రంథి క్యాన్సర్‌కు ఆపరేషన్ అయింది. ఊపిరితిత్తుల్లోకి పాకిన గడ్డల కోసం హైదరాబాద్ దవాఖానలో రేడియో అయోడిన్ మింగించి, ఆ మందు రేడియేషన్ పక్కవాళ్లకు తగలకుండా కొన్నాళ్లు వేరే గది, వేరే కంచం అని చెప్పి పంపారు. నందికొండ క్వార్టర్‌లో ఆమె ఆ గదిలో చేరి నాలుగు రోజులు. నాలుగేళ్ల కూతురు మనీషను అమ్మమ్మ ఇంటికి పంపేశారు.

ఊరి నుంచి అప్పుడే దిగిన దశరథ్ తల్లి జంగమ్మకు ఈ గది సంగతి ఎవరూ చెప్పలేదు. సంచి కింద పెట్టకముందే ఆమె కంట గ్లాసు పడింది.

"ఏందిరా గిది? కోడలికి వేరే గ్లాసా?"

"డాక్టర్లు చెప్పిండ్రమ్మా..."

"ఎవలు చెప్తేంది! తక్కువ కులపోళ్లమని చాయ్ హోటల్ల మన గ్లాసు వేరేగ చూరులనే ఉంటుండె. తాగి, మనమే కడిగి, మళ్ల ఆడనే చెక్కాలె. మీ నాయిన సచ్చేదాక గా గ్లాసులనే చాయ్ తాగిండు. నువ్వు నౌకరి జేస్తే గా గ్లాసు పీడ పోయిందనుకున్న. నీ పెండ్లానికే పెడ్తివా?"

ఆమె విసురుగా గ్లాసు మీదికి చెయ్యి చాపింది.

"ముట్టకు అత్తమ్మా!" లోపలి నుంచి గ్లోరీ అరిచింది. "నా ఒంట్ల మందున్నది. గడ్డలల్ల అయోడిన్ గుంజుకునే జన్యువు మేల్కొని ఉంటె, మందు ఆడికే పోయి వాటిని కాలుస్తదట. గా గ్లాసు బయటుంటె నాకు ధైర్యం. లోపల మందు పని చేస్తున్నట్టు."

జంగమ్మకు జన్యువు అంటే తెలియదు. ధైర్యం అంటే తెలుసు. చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ పూట నుంచి ఇంట్లో కూర్చుని తినలేదు. వరండా చివర, గోడకు ఇవతల కూర్చుని, లోపలున్న కోడలితో ముచ్చట పెడుతూ తినేది.

మూడు రోజుల తర్వాత మొగుడూ పెళ్లాలు హైదరాబాద్ పోయి స్కాన్ చేయించుకొచ్చారు. వస్తూనే దశరథ్ కిటికీలో గ్లాసు తీసి వంటింట్లో అన్నిటితో కలిపి పెట్టాడు.

"ఇగ వేరే అక్కర్లేదట."

"నయమైందా బిడ్డా?" జంగమ్మ ముఖం వెలిగింది.

గ్లోరీయే చెప్పింది. "గడ్డలు మందును గుంజుకోనే లేదట అత్తమ్మా. జన్యువు ఉన్నదట గని మూగబోయిందట. మందంత ఉత్తగనే ఒంట్లకెల్లి పోయింది."

"ఇంకో మందు లేదా?"

"గోళీలున్నయట. జర ఆపుతయట. మాన్పయట."

జంగమ్మ వంటింట్లోకి పోయింది. ఆ గ్లాసే వెతికి తెచ్చి, మళ్లీ కిటికీలో బోర్లించింది.

"ఉండనియ్ రా," అంటూ బావురుమంది. "ఇంకో నాలుగొద్దులు గాడనే ఉండనియ్."

గ్లోరీ వచ్చి అత్తను కావలించుకుంది. ఏడు రోజుల్లో ఆమెకు మనిషి ఒళ్లు తగలడం అదే మొదలు. ఇద్దరూ చాలాసేపు ఏడ్చారు.

"మనీషను తోల్కరమ్మను అత్తమ్మా," అంది కళ్లు తుడుచుకుంటూ. "ఇగ నన్ను ముట్టుకోవచ్చు."