తప్పిన పోగు

కృష్ణమోహన్ ఆ గేటు ముందు మూడోసారి హారన్ కొట్టేసరికి లోపలి నుంచి నల్ల కళ్ళద్దాలు పెట్టుకున్న ఒక అమ్మాయి వచ్చింది. కాశిబుగ్గ మీద ఆకాశమంతా మబ్బు పట్టి ఉంది. ఇంత మబ్బులో ఆ అద్దాలెందుకో అతనికి అర్థం కాలేదు.

"ఏందండీ, ఊరేగింపా?" అంది.

"పర్శరాములు గారి ఇల్లు ఇదేనా?"

"ఇదే. తలుపుంది, కొడితె వినపడ్తది. ఆ హారన్ మాత్రం జర బంద్ చెయ్యుండ్రి."

"చేస్త గాని, మబ్బుల గాగుల్స్ ఏంది మేడం? షూటింగా?"

ఆమె అద్దాలు కొంచెం దించి, పెళ్ళిచూపుల కోసం ఇస్త్రీ చేయించుకున్న అతని చొక్కాను కాలర్ నుంచి కిందిదాకా చూసింది. "షూటింగ్ మీకున్నట్టుంది" అని లోపలికి వెళ్ళిపోయింది.

బండి దిగుతూ అతని తల్లి చిలుకమ్మ నిట్టూర్చింది. "పిల్లతోనే పంచాది పెట్టుకున్నవ్ గదరా కిష్టా! ఇగ చూపులు అయిపోయినయ్ తియ్."

కృష్ణమోహన్ హనుమకొండలో లిఫ్ట్ మెకానిక్. అంతస్తుల మధ్య ఇరుక్కున్నవాళ్ళకు ధైర్యం చెప్పి కిందికి దించడం అతని పని. ఆ పూట అతనికి ధైర్యం చెప్పేవాళ్ళు మాత్రం ఎవరూ లేరు.

ముందుగదిలో కిటికీలన్నీ మూసి, లైటు ఆర్పి ఉంచారు. ఆ నల్ల కళ్ళద్దాల అమ్మాయి పేరు మహిత. ఎమ్మెస్సీ చదివి, ఒక స్కూల్లో లెక్కలు చెప్పి మానేసింది.

"జర మైగ్రేన్, అంతే వదినె. పెండ్లయితె అదే పోతది" అంది ఆమె తల్లి లింగమ్మ, చాయ్ అందిస్తూ.

పెళ్ళితో తలనొప్పి తగ్గుతుందని ఏ డాక్టరూ చెప్పినట్టు లేదు. పెళ్ళయినవాళ్ళు అసలే చెప్పరు.

చిలుకమ్మ చూపు చాయ్ మీద లేదు. పక్కగదిలో ఉన్న మగ్గం మీద ఉంది. పెళ్ళికి ముందు ఆమె ఇంటింటికీ తిరిగి అచ్చు అతికిన మనిషి. పాత పడుగు, అంటే మగ్గం మీది నిలువు పోగులు, అయిపోవచ్చినప్పుడు దాని కొసలను మగ్గంలోనే ఉంచి, కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా వాటికి మెలిపెట్టడమే అచ్చు అతకడం. ముడి వెయ్యరు. బూడిద అద్దిన వేళ్ళ మధ్య ఒక్క మెలిక, అంతే. అలాంటివి కొన్ని వందలు.

"ఎవరు అతుకుతాన్రు?"

"మా బిడ్డనే" అన్నాడు పర్శరాములు.

"ఏదీ బిడ్డా, జర అతుకు. చూస్త."

పెళ్ళిచూపుల్లో పాట పాడమన్నవాళ్ళున్నారు గానీ, పోగులు అతకమన్నది చిలుకమ్మ ఒక్కతే.

మహిత మగ్గం ముందు కూర్చుంది. ఆమె వేళ్ళు కదులుతుంటే కృష్ణమోహన్ చాయ్ తాగడం మరిచిపోయాడు. రెండు పోగులు కలిసిన చోటు ఎంత వెతికినా అతని కంటికి ఆనలేదు.

కాసేపటికి ఆ వేళ్ళు ఆగిపోయాయి. ఆమె కణత నొక్కుకుంది.

"పొద్దుగాల ఏం తినలే, అందుకే..." అని లింగమ్మ అందుకుంది.

"అది కాదమ్మా." మహిత చిలుకమ్మ వైపు తిరిగింది. "అత్తమ్మా, నాది మైగ్రేన్ కాదు. రెండేండ్ల కింద క్లాస్ చెప్తాంటె తలకాయల నరం చిట్లింది. బోర్డు ముంగటనే పడిపోయిన. పద్దెనిమిది రోజులు ఐసీయూల ఉన్న. బతికిన గాని నొప్పి పోలే. వెలుగు పడదు, చప్పుడు పడదు. జర సేపు పని చేస్తె కాళ్ళు చేతులు నావి గానట్టె అయితయ్. ఇప్పుడు పోయి పండుకోవాలె. మీరు పోయేటప్పుడు నాకు చెప్పి పోవాల్నని లేదు."

గది తలుపు మూసుకుంది. లింగమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. బయట వాన మొదలైంది.

ఒక్క వైరు కాలితే పది అంతస్తుల లిఫ్టు నిలబడిపోవడం కృష్ణమోహన్ రోజూ చూసేదే. ఆమె తలలో ఏకంగా రక్తమే పారింది. అయినా ఆ వేళ్ళు ఏ పోగుకు ఏ పోగో మరిచిపోలేదు. నొప్పి ఉంచుకుని కూడా అబద్ధం వద్దనుకుంది. తాను హారన్ కొట్టింది ఇంత పెద్ద మనిషి గుమ్మం ముందా అనిపించింది అతనికి.

"పోదామా?" అంది చిలుకమ్మ. ఆ గొంతులో ఏముందో అతనికి తెలియలేదు.

"పని సగంల ఉంది గదనే." లేచి వెళ్ళి మగ్గం ముందు కూర్చున్నాడు.

"నీకు రాదు గదరా!"

"రాదు. నేర్పు."

లిఫ్టు మోటారు విప్పే వేళ్ళకు పోగు దొరకడమే కష్టమైంది. బూడిద చొక్కాకు అంటింది. చిలుకమ్మ పక్కన కూర్చుని ఎలా మెలిపెట్టాలో చూపించింది. పర్శరాములు నవ్వు ఆపుకోలేక మరో చాయ్ తెమ్మన్నాడు.

మహిత నిద్ర లేచి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. వాన తగ్గింది. ఇంకా ఎవరూ పోలేదు! ఆమె గుమ్మంలోనే నిలబడిపోయింది.

"మీరింకా..."

"పని మీదున్న" అన్నాడతను, తలెత్తకుండా.

ఆమె వంగి చూసింది. ఒకచోట వేలు ఆగింది. "ఇక్కడ ఒక పోగు తప్పింది. ఇగ అక్కడ్నుంచి అన్నీ పక్కకు జరిగినయ్. చూడుండ్రి, ఎర్రంచు పోయి తెల్లదాంట్ల కలిసింది."

"అంటె?"

"అన్నీ విప్పాలె."

అతని మొహం చూసి ఆమె నవ్వింది. ఆ ఇంట్లో ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో, లింగమ్మ వంటింట్లోంచి గిన్నె పట్టుకునే వచ్చేసింది.

కృష్ణమోహన్ తల్లి వైపు తిరిగాడు. "పక్కనే కూసున్నవ్, నీకు కనబడలేదానే?"

"మొదట్లనే కనబడ్డది." చిలుకమ్మ తాపీగా తమలపాకుకు సున్నం రాసింది. "చెప్తె పని ఇయ్యాల్నే అయిపోతుండె. మల్ల ఈ ఇంటికి రావాల్నంటె సాకు ఉండొద్దా? ఏం వదినె, రానిస్తవా?"

లింగమ్మ గిన్నె పట్టుకునే తల ఊపింది.

మహిత మగ్గం పక్కనే కూర్చుంది. ఒక మెలిక విప్పుతూ, చిన్నగా అంది. "నేను రోజూ ఇట్ల కూసోలేను. ఒక్కోరోజు ఒక్క పోగు గూడ పట్టబుద్ధి గాదు. మంచంల ఉంట. మాట్లాడ గూడ."

"అసొంటి రోజు గూడ వస్త."

"వచ్చి ఏం చేస్తవ్?"

ఆమె 'మీరు' మానేసిందని అతనికి అప్పుడే తెలిసింది.

"ఏం చెయ్య. కిటికీ మూసి, చప్పుడు జెయ్యక కూసుంట."