లిస్టులో ఆరో నంబరు

"నీ లిస్టులో తప్పుందమ్మా," అంది పై అంతస్తు వదిన, తలుపు తీయగానే. పలకరింపు లేదు, పాడూ లేదు.

లిస్టక్క ఒక చేత్తో కూతురి జడ పట్టుకుని ఉంది, ఇంకో చేతిలో దువ్వెన, పళ్ళ మధ్య రబ్బరు బ్యాండు. ఆ బ్యాండు జారి కింద పడింది.

ఇంకెవరినైనా ఆ మాట అంటే నవ్వి ఊరుకునేవారు. లిస్టక్కను అనడం మాత్రం సాహసమే. ఆమెకు అసలు పేరు వేరే ఉంది గానీ, ఆ బిల్డింగులో అది ఎవరికీ గుర్తులేదు. బడులకు వేసవి సెలవులిచ్చే వారం లిఫ్టు పక్కన ఒక కాగితం అంటిస్తుంది. పైన పెద్ద అక్షరాల్లో "ఈ ఏడాది నాకు దొరికినవి, నేను చదివినవి" అని ఉంటుంది. ఐదేళ్ళుగా అదే ఆ బిల్డింగు తల్లులకు వేదం. నీళ్ళ సీసా కారదని ఆమె రాసిందంటే, మూడో అంతస్తు మెట్ల మీంచి మూడుసార్లు దొర్లించి చూసి రాసిందన్నమాట.

పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఐదు దాకా ల్యాబులో జనాలకు కట్టుడు పళ్ళు తయారుచేస్తుంది. ఇంటికొచ్చాక ఎనిమిదేళ్ళ చిట్టి, చిట్టి హోంవర్కు, చిట్టి అల్లరి. చిట్టి నాన్న నాలుగేళ్ళ క్రితం వేరే దారి చూసుకున్నాడు, ఆయన సంగతి మనకిక్కడ అనవసరం. ఇన్ని పనుల్లో మునిగిన మనిషికి పనికిరాని వస్తువు కొని మోసపోయే తీరిక ఉండదు. తను మోసపోయినట్టు ఇంకో తల్లి మోసపోకూడదనే ఆ లిస్టు.

"ఏ నంబరు వదినా? టోపీయా? గాలికి ఎగరదు, నేను స్కూటరు మీద పెట్టుకుని చూశాను."

"టోపీ బంగారం. ఆరో నంబరు తప్పు."

ఆరో నంబరంటే ఇదీ: "మూల మలుపులో సైకిలాయన. పిల్లలతో ఓపిగ్గా మాట్లాడతాడు, గొంతు పెంచడు. బ్రేకు బాగుచేయమంటే అడక్కుండానే బెల్లు కూడా సరిచేస్తాడు. నవ్వితే బాగుంటాడు. లోపం ఒకటే, మహా ఆలస్యం. ఒక్క పంక్చరుకు గంటన్నర. అయితేనేం, అక్కడ బెంచీ ఉంది, వచ్చేపోయేవాళ్ళు వదిలేసిన పుస్తకాల అర ఉంది. కింద రాసిన పన్నెండు పుస్తకాలూ నేను అక్కడ కూర్చునే చదివాను."

"అందులో తప్పేముంది?" అంది లిస్టక్క, కాస్త రోషంగానే.

"ఆలస్యమన్నావు. మావాడి సైకిలు పదకొండు నిమిషాల్లో చేసిచ్చాడు. రెండో అంతస్తు వాళ్ళది ఎనిమిది. గంటన్నర ఎక్కడ?"

"అదేంటి? నాకెప్పుడూ గంటన్నరే."

"ఏమో మరి, నువ్వే చూసుకో. అన్నట్టు మనిషి మాత్రం బాగున్నాడమ్మా. నువ్వు రాశావు కదా, నవ్వితే బాగుంటాడని. పెళ్ళి కాలేదట. మా చెల్లెలికి చూద్దామనుకుంటున్నాను. రేపు కాదు, పై ఆదివారం వాళ్ళిద్దరూ మా ఇంట్లో టీకి కలుసుకునేలా చేద్దాం. సిఫార్సు చేసింది నువ్వు కాబట్టి పరిచయం కూడా నువ్వే చెయ్యాలి."

"అలాగే వదినా," అంది లిస్టక్క. ఎందుకందో ఆమెకే తెలియలేదు. తలుపు వేసి వెనక్కి తిరిగేసరికి గుండెలో ఏదో కలుక్కుమంది. మంచి మనిషి, మంచి సంబంధం, ఇందులో బాధపడాల్సిందేముంది? తనకు నచ్చిన సీసా ఇంకొకరు కొనుక్కుంటే సంతోషమే కదా! సంతోషమే మరి. అలాంటప్పుడు చిట్టి జడ అంత గట్టిగా ఎందుకు లాగిందో!

"అమ్మా, నొప్పి!" అని అరిచింది చిట్టి.

"సారీ బంగారం."

ఆ రోజు శనివారం. శనివారమంటే చిట్టి సైకిలుకు పంక్చరు రోజు. ఏం పాపమో, ఆరు నెలలుగా ఒక్క శనివారం తప్పలేదు. సైకిలు నడిపించుకుంటూ మూల మలుపు దాకా వెళ్ళేసరికి లిస్టక్క గుమ్మంలోనే ఆగిపోయింది. షాపు నిండా జనం. అందరూ తన బిల్డింగు వాళ్ళే. తన బెంచీ మీద నలుగురు తల్లులు సర్దుకుని కూర్చున్నారు. తను సగం చదివిన పుస్తకం, దీవులకు పడవలో ఉత్తరాలు చేరవేసే ముసలాయన కథ, ఎవరి చేతిలోనో విసనకర్రయింది.

"రండి రండి లిస్టక్కా! భలే మనిషిని చూపించారు," అన్నారు వాళ్ళు.

సైకిలాయన తలెత్తాడు. మామూలుగా అయితే నవ్వేవాడు. పై వరుసలో ఎడమవైపు పన్ను ఒకటి కొంచెం పక్కకు తిరిగి ఉంటుంది. పళ్ళ పని చేసే మనిషి కదా, లిస్టక్కకు ఆ పన్ను మొదటి రోజే కళ్ళబడింది. సరిచేయించుకోమని చెబుదామనుకుని, ఎందుకో వద్దనుకుంది. ఇవాళ ఆ పన్ను కనిపించలేదు.

"అక్కడ పెట్టండి మేడమ్."

తొమ్మిది నిమిషాలు. గడియారం చూస్తూ నిలబడింది కాబట్టి లెక్కలో తేడా లేదు.

"అయిపోయిందా?"

"అయిపోయింది మేడమ్."

"ఎప్పుడూ గంటన్నర పట్టేది కదండీ?"

"ఆలస్యం చేస్తానని మీరే రాశారుగా. తప్పు దిద్దుకున్నాను." గుడ్డతో చేతులు తుడుచుకుంటూ ఆమె వంక చూడకుండానే అన్నాడు. "మీ పై అంతస్తు ఆవిడ చెప్పారు, పై ఆదివారం టీకి మీరే పిలిపించారట. మీరు చెబితే వస్తాను."

"నేనా? అంటే... మీ ఇష్టమండీ."

"సరే మేడమ్."

ఆ "సరే"లో ఏముందో ఆమెకు అర్థం కాలేదు. కోపమా? కోపమెందుకు? ఊళ్ళో ఉన్న గిరాకీ అంతా తెచ్చి గుమ్మంలో పోస్తే ఎవరికైనా కోపమొస్తుందా? పోనీ కోపం కాదనుకుందామంటే, మనిషి మొహం అలా ఎందుకుంది? దారి పొడుగునా తలబద్దలు కొట్టుకుంది. ఇల్లు దాటి వీధి చివరిదాకా వెళ్ళిపోయింది. చిట్టి కొంగు పట్టుకుని లాగితే గానీ వెనక్కి తిరగలేదు.

ఆ వారమంతా అదే తంతు. బుధవారం నాడు ల్యాబులో ఓ పెద్దాయన సెట్టుకు ఎడమ కోరపన్ను తీసుకెళ్ళి కుడివైపు పెట్టింది. పదకొండేళ్ళ సర్వీసులో అలాంటి పొరపాటు ఎరగదు. "ఒంట్లో బాగోలేదా?" అని అడిగాడు పెద్ద టెక్నీషియను. "బాగానే ఉంది సార్," అంది. బాగోలేనిది ఏమిటో తెలిస్తే కదా చెప్పడానికి! లిఫ్టులో ఎవరు కనబడినా ఆరో నంబరు గురించే పొగడ్తలు. నవ్వుతూ తల ఊపుతోంది, లోపల మాత్రం సలసలా కాగుతోంది. తన చేత్తో రాసి, తన చేత్తో అంటించిన కాగితమది. ఇంకెవరినని ఏం లాభం?

శుక్రవారం సాయంత్రం చిట్టి పక్కన చేరింది.

"అమ్మా, నువ్వు అరవనంటే ఒకటి చెప్తా."

"అరవను."

"రేపు నా సైకిలుకి పంక్చరు అవదు."

"అదెలా తెలుసు నీకు?"

"ఎప్పుడూ అవలేదు కాబట్టి. నేనే గాలి తీసేదాన్ని."

"ఆరు నెలలుగా? ఎందుకే?"

"శనివారం అక్కడ కూర్చుని చదువుకుని వచ్చాక నువ్వు రాత్రిదాకా అరవవు. కథ కూడా చెప్తావు." చిట్టి అరటిపండు వలిచి నోట్లో పెట్టినట్టు చెప్పింది. "పోయిన శనివారం చదువుకోలేదు కదా. అందుకే వారమంతా అరుస్తున్నావు."

లిస్టక్కకు నవ్వొచ్చింది, దాని వెనకాలే ఏడుపూ వచ్చింది. పిల్లను దగ్గరకు లాక్కుంది. అలా లాక్కుని ఉండగానే ఇంకో సంగతి తట్టి, ఉన్నపళంగా నిటారుగా కూర్చుంది.

పంక్చరు లేదు. ఏనాడూ లేదు. గాలి కొడితే సరిపోయే చక్రం అది. ఆ సంగతి ఆయనకు మొదటి నిమిషంలోనే తెలిసిపోయి ఉంటుంది. మరి గంటన్నరసేపు ఆయన బాగుచేసిందేమిటి?

రాత్రి భోజనాలయ్యేదాకా అదే ప్రశ్న. జవాబు కనబడుతూనే ఉంది గానీ, నమ్మడానికి ధైర్యం చాలలేదు. ఒకవేళ తప్పయితే? తన వయసుకు, తన నెరిసిన జుట్టుకు, ఈ ఊహలేమిటి? తప్పు కాకపోతే మాత్రం ఇంకా ఘోరం. ఎల్లుండి సాయంత్రం ఆయన్ని తీసుకెళ్ళి ఇంకొకరి పక్కన కూర్చోబెట్టాల్సింది తనే.

శనివారం మధ్యాహ్నం లిస్టక్క కిందికి దిగింది. అటూ ఇటూ చూసింది. సైకిలు పక్కన గొంతుక్కూర్చుని, వెనక చక్రం పిన్ను నొక్కి, గాలంతా తనే వదిలేసింది. బుస్సుమన్న ఆ చప్పుడుకు అదిరిపడి మళ్ళీ అటూ ఇటూ చూసింది. వెనక నిలబడి చిట్టి చప్పట్లు కొట్టింది.

సగం దారిలో వాన పట్టుకుంది. ఎండాకాలపు వాన కదా, చెప్పి రాదు, చెప్పకుండానే పోతుంది. షాపు చేరేసరికి తల్లీకూతుళ్ళు తడిసి ముద్దయ్యారు. ఇంత వానలో సైకిలు బాగుచేయించుకునే బుద్ధిమంతులెవరూ లేరు కాబట్టి బెంచీ ఖాళీగా ఉంది. దాని మీద, ఆమె ఎప్పుడూ కూర్చునే చోట, పడవ ముసలాయన పుస్తకం ఉంది. ఆమె ఆపిన పేజీలో ఒక సన్నని రబ్బరు ముక్క పెట్టి ఉంది.

సైకిలాయన చక్రాన్ని ఒక్కసారి తిప్పి చూశాడు.

"పంక్చరు లేదు మేడమ్. ఎవరో గాలి తీశారు."

"నేనే తీశాను."

ఆయన చేతిలోని పంపు ఆగింది.

"ఇన్నాళ్ళూ చిట్టి తీసేది. మీకు తెలుసు. తెలిసి కూడా గంటన్నరసేపు ఏం చేసేవారండీ?"

చిట్టి తెలివిగా మూలకు వెళ్ళి బెల్లులన్నీ మోగించి చూసుకోవడం మొదలుపెట్టింది.

"మొదటి రోజు గాలి కొట్టేశాను. రెండు నిమిషాల పని," అన్నాడాయన, చక్రంతోనే మాట్లాడుతున్నట్టు. "అయిందని చెబుదామని తిరిగాను. మీరు పుస్తకం తెరిచి ఉన్నారు. వచ్చేటప్పుడు భుజాలు చెవుల దాకా ఉన్నాయి మీకు. అవి కిందికి దిగాయి. మీరు పేజీ తిప్పారు, మీలో మీరే నవ్వుకున్నారు. అయిందని చెప్పడానికి నాకు నోరు రాలేదు. చక్రం విప్పాను, మళ్ళీ బిగించాను. మళ్ళీ విప్పాను."

"ఆరు నెలలా?"

"ఊళ్ళో అంత శుభ్రమైన చక్రం ఇంకోటి లేదు మేడమ్."

ఆమెకు నవ్వొచ్చింది గానీ ఆయన నవ్వలేదు.

"ఆ బెంచీ మీకోసమే ఉంచాను. మీరేమో లిఫ్టు పక్కన అంటించి అందరికీ పంచేశారు. నన్ను కూడా. టోపీ తర్వాత, రంగు పెన్సిళ్ళకు ముందు."

"నచ్చినవే కదండీ లిస్టులో పెడతాను!"

"నచ్చినదాన్ని ఎవరైనా ఊరందరికీ ఇచ్చేసుకుంటారా?"

ఐదేళ్ళుగా లిస్టక్కను ఎవరూ ఈ ప్రశ్న అడగలేదు. తనకు దొరికినదేదైనా ఇంకెవరికో పనికొస్తుందనే తప్ప, తన దగ్గరే ఉంచుకోవచ్చన్న ఆలోచనే ఆమెకెప్పుడూ రాలేదు. ఏదీ ఉంచుకోకపోతే ఏదీ పోదు కదా అనుకుందేమో! కళ్ళు చెమ్మగిల్లాయి. వాన నీళ్ళంటే నమ్మేస్తాడులే అనుకుంది, ఆయన నమ్మలేదు.

"నాకు తెలియలేదండీ," అంది. "వారం నుంచి అన్నం సయించట్లేదు, పళ్ళు తప్పు పెడుతున్నాను, పిల్ల మీద అరుస్తున్నాను. ఎందుకో అర్థం కాలేదు. ఇప్పుడు అర్థమైంది. రేపు మీరు టీకి రావద్దు."

"మరెక్కడికి రమ్మంటారు?"

"మా ఇంటికి రండి. టీ బాగుండదు, ముందే చెబుతున్నాను."

అప్పుడు కనిపించింది ఆ పక్కకు తిరిగిన పన్ను. దాన్ని సరిచేయించమని చెప్పకపోవడమే మంచిదైందనుకుంది లిస్టక్క.

ఆదివారం పొద్దున్నే తలుపు దబదబా మోగింది. వదిన. ఈసారీ పలకరింపు లేదు.

"లిఫ్టు దగ్గర ఆ గీతలేంటి? ఆరో నంబరు కొట్టేసి, పక్కన 'ఇది నాకే కావాలి, అందరూ క్షమించాలి' అని ఉంది. ఎవరి ఆకతాయి పని?"

"నాదే వదినా." లిస్టక్క తల వంచుకుంది. "తిట్టండి, పడతాను. మీ చెల్లెలికి ఏం చెప్పాలో, ఆ మాట నేనే వచ్చి చెబుతాను."

వదిన ఆమెను కిందినుంచి పైదాకా చూసింది. లోపల చిట్టి కుర్చీలు తుడుస్తోంది, ఎవరూ చెప్పకుండానే.

"చెల్లెలికి నేను ఇంకా ఏమీ చెప్పలేదులే. టీ అని మాత్రమే అన్నాను," అంది వదిన చివరికి. గొంతు కొంచెం మెత్తబడింది. "ఐదేళ్ళుగా సీసా మాకు, టోపీ మాకు, పుస్తకాలు మాకు. నీకంటూ ఒక్కటైనా ఉంచుకుంటావా లేదా అని చూస్తున్నానమ్మా. ఉంచుకో. హాయిగా ఉంచుకో." మెట్లు ఎక్కబోతూ మళ్ళీ తిరిగింది. "టీపొడి నేను పంపిస్తాను. నీ టీ తాగితే ఆయన మనసు మార్చుకుంటాడు."

ఆ మరుసటి శనివారం లిస్టక్క, చిట్టి మూల మలుపుకు వెళ్ళారు. రెండు చక్రాల నిండా గాలి ఉంది. సైకిలాయన అటూ ఇటూ నొక్కి చూసి, గంభీరంగా తలాడించి, సైకిలును తలకిందులుగా నిలబెట్టాడు.

"ఎంతసేపు పడుతుందండీ?" అంది లిస్టక్క, బెంచీ మీద కూర్చుని రబ్బరు ముక్క ఉన్న పేజీ తెరుస్తూ.

"చెప్పలేనండీ," అన్నాడు ఆయన, చక్రం విప్పుతూ. "ఈసారి పని చాలానే ఉంది."