పసుపు మూలలు

మనురేవాలో ఆ జూలై ఉదయం చినుకు పడుతోందో, మబ్బే కిందికి దిగి వీధిలో తిరుగుతోందో తెలియకుండా ఉంది. కిటికీ అవతల కంచె, నిమ్మచెట్టు, పక్కింటి కారు అన్నీ నీళ్ళలో నానేసినట్టు మెత్తగా కనిపిస్తున్నాయి. మంగాదేవి కాఫీ గ్లాసు రెండు చేతులా పట్టుకుని కూతురినే చూస్తోంది. ఇండియా నుంచి ఈ పరాయి దేశంలో ఉన్న కూతురి దగ్గరికి వచ్చి పన్నెండు రోజులైంది. చెప్పాల్సిన మాట ఒక్కటే ఉంది. అది రోజూ నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి పోతోంది.

శకుంతల నేలంతా కాగితాలు పరుచుకుని కూర్చుంది. వారమంతా సూపర్ మార్కెట్లో ఉద్యోగం, తీరిక దొరికితే కాగితం పూలు. స్నేహితురాలు నవీన కూతురి మొదటి పుట్టినరోజుకి గోడంతా గులాబీలు కట్టి ఇస్తానని ఒప్పుకుంది. ఫంక్షన్ రేపే.

"ఇంకో నలభై పూలు తక్కువమ్మా. కాగితం అయిపోయింది. కొత్తవి కొంటే నవీన ఇచ్చేది వాటికే సరి."

"ఆ పాత సామాన్ల కొట్టు ఉందిగా?"

"ఆప్ షాపా? నిన్ననే ఊడ్చుకొచ్చేశా. పాత గ్రీటింగ్ కార్డులు, గోడకంటించే కాగితాలు, అన్నీ పూలైపోయాయి."

"అచ్చం మీ నాన్నే. ఒక్క కాగితం పారెయ్యనిచ్చేవారా!"

అనేసి నాలుక కరుచుకుంది మంగాదేవి. శకుంతల చేతిలో కత్తెర ఆగిపోయింది. నాలుగేళ్ళ కిందట, ముహూర్తం పెట్టాక, ఈ పెళ్ళి తనకొద్దని ఇక్కణ్ణుంచి ఫోన్లో చెప్పింది శకుంతల. ఆ తర్వాత పట్టాభిరామయ్య కూతురితో ఒక్క మాటా మాట్లాడలేదు. నాలుగు నెలలకే పోయారు. తండ్రి తన మీద కోపంతోనే పోయాడని ఆ పిల్ల గుండెలో ఒక రాయి పడి ఉంది. ఆ రాయిని తీసే మాటే మంగాదేవి నోట్లో ఉంది.

"నీ పెట్టెలో కొత్త చీరల్లో పెట్టే అట్టలేమైనా ఉంటాయేమో చూస్తా," అంటూ శకుంతల లేచింది.

"ఉండు, నేను తీస్తా..."

అప్పటికే పెట్టె తెరుచుకుంది. చీరల అడుగున పాత పంచెలో కట్టిన మూట. ముడి విప్పితే లేత గులాబీ రంగు శుభలేఖలు, కట్టలు కట్టలు. పైదాని మీద బంగారు అక్షరాల్లో ఆమె పేరే.

"నా పెళ్ళి కార్డులా? ఇన్ని సముద్రాలు దాటించి తెచ్చావా? నన్ను దెప్పడానికా అమ్మా?"

"దెప్పడానికి నోరుంది కదే నాకు! దానికోసం ఆరు కిలోలు మొయ్యాలా?"

"మరెందుకు?"

మంగాదేవి గ్లాసు కింద పెట్టింది. ఆమె కళ్ళముందు ఆనాటి వరండా కదిలింది. ఎవరైనా దేవుడి దగ్గర పెట్టే నాలుగు కార్డులకి పసుపు రాసి, మిగతావి పంచేటప్పుడు చూసుకుంటారు. ఆయన ఆగలేదు. మంచిరోజని గిన్నెడు పసుపు కలుపుకుని, నాలుగు వందల కార్డులకీ నాలుగేసి మూలలా బొటనవేలితో అద్దేశారు. సాయంత్రానికి ఆ వేలు చామంతి మొగ్గలా ఉంది. మర్నాడే శకుంతల ఫోను.

"పసుపంటినవి చిత్తు కాగితాలకి కూడా వద్దన్నాడు ప్రెస్సువాడు. కాలవలో కలిపేద్దామన్నాను. మీ నాన్న ఒప్పుకోలేదు. 'మంచి కాగితం. శకుంతలకి పంపు, పూలు చేసుకుంటుంది. నేను ఫోను పట్టుకుంటే ఏడుపొస్తోంది. కాగితం చూస్తే దానికే అర్థమవుతుంది' అన్నారు. పోవడానికి వారం ముందు."

శకుంతల చిన్నప్పుడు ఆయన బట్టల కొట్టు నుంచి రోజూ రంగు కాగితాలు మడిచి జేబులో తెచ్చేవారు. పిల్ల అలిగితే మాట్లాడేవారు కాదు. పక్కన ఒక కాగితం పెట్టి వెళ్ళేవారు.

"నాలుగేళ్ళమ్మా! ఒక్కసారైనా చెప్పలేకపోయావా?"

"కోపమే తల్లీ. ఆయనకి పోయింది, నాకు పోలేదు. ఆ కోపం పోయాక, ఇన్నాళ్ళు దాచానే అని సిగ్గు పట్టుకుంది."

శకుంతల తలుపు తీసుకుని చినుకుల్లోకి వెళ్ళిపోయింది. నిమ్మచెట్టు దగ్గర అటు తిరిగి నిలబడింది. పిలవడానికి మంగాదేవికి ధైర్యం చాలలేదు. ఒక కార్డు తీసి, వినాయకుడి బొమ్మ మీద కత్తెర పడకుండా చుట్టూ కత్తిరించి, బొమ్మను కళ్ళకద్దుకుని పక్కన పెట్టింది. రెండోది తీసింది. మూడోది. కళ్ళు మసకేసి గీత వంకరపోయింది.

"అలా కాదమ్మా."

తడిసిన జుట్టుతో శకుంతల పక్కనే కూర్చుని ఉంది. ఎప్పుడు వచ్చిందో! పసుపు మూలను కోసి సన్నగా చుట్టింది. చుట్టూ రేకులు అంటించింది. గులాబీ రేకుల నడుమ పచ్చటి పుప్పొడి వెలిగింది. ఒక్కో మూలకీ ఒక్కో పువ్వు.

"మరి ఆ అబ్బాయి పేరున్న రేకో?" అంది మెల్లగా.

"వాడికేం, ఇద్దరు పిల్లలతో నిక్షేపంలా ఉన్నాడు. కత్తిరించు!"

శకుంతల నవ్వింది, నవ్వుతూనే అమ్మ ఒళ్ళో తల పెట్టి ఏడ్చింది. పువ్వును ముక్కు దగ్గరికి తెచ్చుకుంది. పచ్చటి ముక్క మీద బొటనవేలి గీతలు సన్నగా, వాన నీటిలో వలయాల్లా ఉన్నాయి.

"నాన్న వేలమ్మా."

"ఆఁ. నీకోసమే."

ఆ పువ్వొక్కటీ మంగాదేవి కూతురి తడి జడలో తురిమింది. మిగతావి మర్నాడు నవీన ఇంటి గోడకి వెళ్ళాయి. నాలుగేళ్ళు ఆలస్యంగానైనా, పట్టాభిరామయ్య పసుపద్దిన కాగితాలు ఒక శుభకార్యానికి చేరాయి.