గుర్రం వెనక కాళ్ళు నావి

గుర్రం స్టేజీ మీద రెండు ముక్కలైందంటే పూర్తి బాధ్యత కమిటీదే. ముఖ్యంగా కార్యదర్శిది. ఆ తర్వాత ఆయన బావమరిదిది. మొహమాటం నాకు చేతకాదు.

మా నాటక సంఘం వేస్తున్న పిల్లల పాటల నాటకంలో ఇద్దరు దూరి నడిపే గుడ్డ గుర్రం ఒకటి ఉంది. ముందు కాళ్ళు పళ్ళ డాక్టరమ్మ. వెనక కాళ్ళు నేను, లిఫ్టు మెకానిక్‌ని. తొలిరోజే ఆవిడ మడమ తొక్కాను.

"కళ్ళు లేవా మీకు?"

"గుర్రానికి వెనకవైపు కళ్ళెక్కడుంటాయండీ?"

గుర్రం తల నవ్వింది. గుర్రమంతా ఊగింది. అక్కడితో నా పని అయిపోయింది.

లోపల చీకటి, ఉక్క. నాకు కనిపించేవి ఆవిడ మడమలే. అందుకని ఒక ఏర్పాటు చేసుకున్నాం. మడమతో ఒకసారి నేల తడితే ఎడమకి, రెండుసార్లయితే కుడికి, మూడయితే ఆగాలి. మూడు వారాల్లో ఒక్క తప్పడుగు పడలేదు.

ఒక సాయంత్రం రిహార్సల్ అయిపోయినా ఆవిడ జిప్పు తీయలేదు. నాలుగుసార్లు తట్టింది. నాలుగంటే ఏమిటో మేం అనుకోలేదు. కాలు పట్టేసిందేమోనని నేనే జిప్పు తీసి, పరిగెత్తి నొప్పుల మందు తెచ్చాను. ఆవిడ సీసా వైపు, నా వైపు మార్చి మార్చి చూసి వెళ్ళిపోయింది.

మర్నాడు అడుగుదామని పోతే, గుర్రంలో కార్యదర్శి బావమరిది ఉన్నాడు.

"వాడు పొడుగు. వెనక ఎత్తుగా ఉంటే అందం," అన్నాడు కార్యదర్శి.

"ఏ గుర్రానికి చూశారండీ?"

"నువ్వు తెర లాగవయ్యా."

నాటకం రోజు, రెండో పాట. డాక్టరమ్మ రెండుసార్లు తట్టింది. బావమరిదికి ఆ లెక్క ఎవరూ చెప్పలేదు, వాడు అడగనూ లేదు. ముందు సగం కుడికి, వెనక సగం ఎడమకి. నడుం దగ్గర కుట్టు పర్రున చిరిగింది. పిల్లలు కుర్చీలెక్కి ఈలలు.

ముందు సగం తిన్నగా నా తెర తాడు దగ్గరికి నడిచొచ్చింది.

"వస్తున్నారా, లేదా?"

"కమిటీ తీసేసిందండీ."

"కమిటీ తీసేసింది. నేను తీశానా? నాలుగుసార్లు తడితే మందు సీసా తెస్తారా ఎవరైనా?"

"అయితే నాలుగంటే..."

"మైకు ఆన్‌లో ఉంది. ఇక్కడే చెప్పమంటారా?"

హాలంతా చెప్పమంది. నా చేతిలో తాడు జారిపోయింది. సర్దిచెప్పడానికి స్టేజీ ఎక్కిన కార్యదర్శి నెత్తిన తెర పడింది. నేను గుర్రంలో దూరి, చిరుగు రెండు చేతులతో పట్టుకుని, నాలుగుసార్లు నేల తట్టాను.

ముందు వరసలో డాక్టరమ్మ వాళ్ళమ్మ పక్కావిడతో అంటోంది: "ఇన్నాళ్ళకి మా పిల్ల చెప్పినట్టు నడిచేవాడు దొరికాడు. రేపే ఇంటికి రమ్మంటాను."

"మొహమైనా చూడలేదుగా వదినా?"

"మొహానిదేముందమ్మా. కాళ్ళు బుద్ధిగా ఉన్నాయి."

ఇంకా రెండు ప్రదర్శనలున్నాయి. కాబట్టి ఈ ఆదివారంలోగా కమిటీ గుర్రం నడుం గట్టి దారంతో కుట్టించాలి. వెనక కాళ్ళు నావేనని మినిట్స్ పుస్తకంలో రాయాలి. బావమరిది చేతికి తెర తాడివ్వాలి. జిప్పు లోపలివైపు పెట్టించాలి. ఎందుకని ఎవరూ అడగకూడదు.